ఖాళీ బిందెతో ఎదురొచ్చిన మా తోటికోడలు

వీధి సంఘం కార్యదర్శి గారూ, సంతాపసభలో మీరు మైకు పట్టుకుని చెప్పిన మాటల్లో ఒకటి తప్పు. "ఆవిడ ఎదురొస్తే విజయమే. ఇక మన వీధి పిల్లలు పరీక్షలకు బయలుదేరితే ఎదురొచ్చేవాళ్ళెవరు?" అన్నారు. జనం తలలూపారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడే లేచి చెప్పేదాన్ని గానీ, నా మోకాళ్ళు లేవడానికి ఒప్పుకునేసరికి మైకు ఇంకొకరి చేతికి వెళ్ళిపోయింది. అందుకే మన వీధి పత్రికలో ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

మా తోటికోడలు పోయింది. పోయిన నెలలో, ఒక మంగళవారం పొద్దున. కాఫీ కలిపి పిట్టగోడ మీద గ్లాసు పెట్టి కేకేశాను. పలకలేదు. మళ్ళీ కేకేశాను. నేను ఒకటంటే రెండు అనే మనిషి రెండు కేకలకు పలకలేదంటే నాకు అర్థమైపోయింది. నిద్రలోనే వెళ్ళిపోయింది. కాఫీ గ్లాసు సాయంత్రం దాకా ఆ గోడ మీదే ఉంది, ఎవరికీ తీయబుద్ధి కాలేదు.

ఆవిడ నా మరిది భార్య. తెనాలిలో ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకుని, మధ్యలో ఆ పిట్టగోడ కట్టుకుని బతికాం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆవిడ బాపట్లలో ఒక ట్రైనింగ్ కాలేజీలో, కాబోయే టీచర్లకు మనస్తత్వశాస్త్రం చెప్పేది. రోజూ రైల్లోనే రాకపోకలు. తిరిగొచ్చేటప్పుడు స్టేషన్ బయట చిక్కుడుకాయలు కొని రైల్లో కూర్చుని ఈనెలు తీసేది. పక్కన కూర్చున్నవాళ్ళ ఒళ్ళోనూ తలా గుప్పెడు పోసేది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా కిక్కురుమనకుండా ఈనెలు తీసేవారు. నిడుబ్రోలు దాటేసరికి మా రెండు వాటాలకూ కూర సిద్ధం. "సైకాలజీ అంటే ఇదేనా?" అని అడిగితే, "దీన్ని క్రమశిక్షణ అంటారు అక్కయ్యా, సైకాలజీ వేరే ఉంది" అనేది.

ఇక ఆ ఎదురు సంగతి. అది ఎలా మొదలైందో మన వీధిలో చాలామందికి తెలియదు. నాకు తెలుసు, నేను అప్పుడు వరండాలోనే ఉన్నాను. ఒకరోజు ఆవిడ పాలపాకెట్లు పట్టుకుని వస్తుంటే మూలింటి పిల్లాడు ఎంసెట్‌కు బయలుదేరాడు. వాడికి సీటొచ్చింది. మరుసటేడు ఇంకొకరి అమ్మాయికి ఉద్యోగమొచ్చింది. అంతే, ముద్ర పడిపోయింది. "మేడం గారూ, రేపు మావాడికి పరీక్ష, కాస్త ఎదురొద్దురూ" అని ముందురోజే వచ్చి చెప్పేవాళ్ళు. ఆవిడ ఎదురొచ్చినా తప్పినవాళ్ళు లేరా? ఉన్నారు, బోలెడుమంది. పాసైతే ఆవిడ ఎదురు, ఫెయిలైతే వాళ్ళ ఖర్మ. ఒకాయన అయితే ఆ రోజు పాలపాకెట్టు కారుతోందన్నాడు. లెక్కల టీచర్ని కదా, నాకు ఒళ్ళు మండేది. ఆవిడ నవ్వేది. "పోనిద్దురూ అక్కయ్యా, పొద్దున్నే నడక నాకూ మంచిదే."

మా మరిది పోయాక కథ మారింది. నెల తిరిగాక ఒక పొద్దున ఆవిడ మామూలుగానే పాలకు బయలుదేరింది. వీధిలో తలుపులు ఒక్కొక్కటిగా దగ్గరికి జరిగాయి. ఎవరో కూతుర్ని మెట్ల మీంచి లోపలికి లాగేశారు. కార్యదర్శి గారూ, మీరు అప్పుడే బయటికొచ్చి, ఆవిణ్ణి చూసి, స్కూటర్ స్టాండు వేసి చెయిన్ సరిచేస్తున్నట్టు కిందికి వంగారు. స్కూటరుకు చెయినేంటండీ?

ఆవిడ తిరిగొచ్చి పిట్టగోడకు ఆనుకుని నిలబడింది. "అక్కయ్యా, మొన్నటిదాకా లక్ష్మీదేవిని. ఇవాళ నల్లపిల్లినయ్యాను. పాలపాకెట్టు మాత్రం అదే డెయిరీది."

నేను చెంగు బిగించి వీధిలోకి బయలుదేరబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "తిట్టకండి. వాళ్ళకు ఎవరో నేర్పారు. నేర్చుకున్నదాన్ని తుడిచెయ్యలేం. దాని మీద కొత్తది నేర్పుకోవచ్చు, అంతే." అప్పుడు నాకది ఊరడింపు మాటలా వినిపించింది. అది ఆవిడ చదువు అని తర్వాత తెలిసింది.

ఎందుకంటే ఆ ఏడే మా మనవరాలికి బాపట్లలో డిగ్రీ సీటొచ్చింది. అది మా అబ్బాయి కూతురు. మా అబ్బాయి బ్యాంకులో పనిచేస్తాడు. కంప్యూటర్లో కోట్లు అటూ ఇటూ పంపిస్తాడు గానీ, బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే చెప్పులు విప్పేసి కూర్చుంటాడు. చిన్నప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్తూ, పిల్లి అడ్డం వస్తే వాడు ఏమీ అనేవాడు కాదు. పట్టుకున్న చెయ్యి కొంచెం బిగించేవాడు. పిల్ల తలెత్తి తండ్రి మొహం చూసేది. పాఠం అయిపోయేది.

కాలేజీకి మొదటిరోజు మనవరాలు గేటు తీస్తుంటే వాళ్ళ చిన్నమామ్మ పాలతో ఎదురొస్తోంది. పిల్ల సంబరంగా అడుగు ముందుకేసింది, దానికి తెలిసినంతలో అంతకంటే శుభం లేదు. మా కోడలు వెనకనుంచి జబ్బ పట్టుకుని లాగింది, "ఆగవే, ఆవిణ్ణి లోపలికి వెళ్ళనీ." పిల్ల గేటు పట్టుకుని ఆగిపోయింది. ఇన్నాళ్ళూ కాపాడిన మనిషే కీడా? ఆ రోజు రైలు తప్పింది. మర్నాడు ఎక్కింది గానీ, సిగ్నల్ కోసం బండి పొలాల మధ్య ఆగేసరికి దానికి ఊపిరాడలేదు, చచ్చిపోతున్నాననుకుంది. నిడుబ్రోలులో దిగి బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

అప్పట్నించి రోజూ అదే తంతు. తయారవడం, గేటు దాకా వెళ్ళడం, చెమటలు, దడ, వెనక్కి రావడం, మంచమెక్కడం. మొదట రైలంటే భయం. తర్వాత స్టేషన్. తర్వాత స్టేషన్‌కు వెళ్ళే ఆటో. చివరికి గేటు గడియ చప్పుడు. హాజరు పడిపోయింది. ఇలాగే ఉంటే పరీక్షకు కూర్చోనిచ్చేది లేదని కాలేజీవాళ్ళు చెప్పారు. మా అబ్బాయి చదువు మాన్పించేద్దామన్నాడు.

ఆ మాట గోడ అవతల వినబడింది. ఆవిడ వచ్చి మా వరండాలో కూర్చుంది.

"ఒంట్లో బాగాలేదు పిన్నీ దానికి. గుండె దడ అంటోంది" అన్నాడు మావాడు.

"నాకూ వస్తుందిరా, మెట్లెక్కితే. మెట్లు పీకించేశానా?"

"మీకన్నీ వేళాకోళంగానే ఉంటాయి. మా వంశంలోనే ఉందేమో ఈ భయం."

"కొంత పుట్టుకతో వస్తుంది, కాదనను. మిగతాదానికి మనమే ట్యూషన్ పెట్టిస్తాం."

"నేనేం నేర్పాను? భయపడమని ఒక్కరోజైనా చెప్పానా?"

"నోటితో చెప్తే పిల్లలు వినరుగా. నువ్వు మొహంతో చెప్పావు."

వాడు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడ పిల్లను దగ్గరికి పిలిచింది.

"గేటు దగ్గర్నుంచి వెనక్కొచ్చి మంచం మీద పడగానే హాయిగా ఉంటుంది కదూ?"

"ఉంటుంది చిన్నమామ్మా. ప్రాణం లేచొస్తుంది."

"ఆ హాయి ఉంది చూశావూ, అది భయానికి నువ్విచ్చే రోజుకూలి. కూలి ఇచ్చినన్నాళ్ళూ అది పొద్దున్నే పనిలోకి వస్తూనే ఉంటుంది. ఒక్క వారం ఎగ్గొట్టి చూద్దామా? నా వల్ల కాకపోతే గుంటూరులో మంచి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. అందులో సిగ్గేం లేదు."

మర్నాడు పొద్దున మన వీధి చూసిన దృశ్యం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, కిటికీ రెక్కలన్నీ వేలెడంత తెరుచుకుని ఉన్నాయి కాబట్టి. మా మనవరాలు గేటు బయట నిలబడింది. సందు చివర్నుంచి మా తోటికోడలు, బొట్టు లేకుండా, చంకలో ఖాళీ స్టీలు బిందెతో నడిచి వచ్చింది. పంచాంగంలో కూడా ఒకేచోట అంత అపశకునం దొరకదు. వచ్చి పిల్ల ఎదురుగా బిందె కింద పెట్టి నిలబడింది.

"దడగా ఉంది చిన్నమామ్మా, లోపలికి పోతా."

"కొట్టుకోనీ. నీ గుండేగా, ఎక్కడికీ పోదు. కొట్టుకుని కొట్టుకుని దానికే విసుగొస్తుంది. అప్పటిదాకా ఇక్కడే ఉందాం. నాకేం తొందర లేదు, సెలవు పెట్టాను."

పిల్ల ఏడ్చింది. చెమటతో బట్టలు తడిశాయి. గేటు పట్టుకుంది. ఆవిడ జరగలేదు, ఓదార్చనూ లేదు. ఎండ గోడ మీదకెక్కింది. చాలాసేపటికి పిల్ల గేటు వదిలింది.

"తగ్గింది చిన్నమామ్మా."

"ఎంత తగ్గింది?"

"ఆకలేస్తోంది."

ఆ పూట ఇడ్లీలు లెక్క చూడకుండా తిన్నదది.

అలా వీధి మలుపు దాకా, తర్వాత స్టేషన్ దాకా, తర్వాత ఒంటరిగా, బాపట్ల కంటే దగ్గరైన రేపల్లె బండి. రేపల్లె ప్రయాణం రోజు నాకు తుమ్ముల డ్యూటీ పడింది. మిరియాలపొడి కాస్త ఎక్కువగా పీల్చానేమో, మొదలైతే ఆగలేదు. "ఒంటి తుమ్ము అడిగానక్కయ్యా, కచేరీ కాదు" అని ఆవిడ కసిరింది. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతూ గేటు దాటింది. అది నవ్వుతూ గేటు దాటడం నేను చూసింది అదే మొదలు.

దాని చేతిలో ఫోన్ ఉండకూడదని ఆవిడ షరతు. అంతకుముందు రేపల్లె వెళ్ళినప్పుడల్లా అది ప్రతి స్టేషన్‌లో తండ్రికి ఫోన్ చేసేది. వేమూరు వచ్చిందనీ, భట్టిప్రోలు దాటిందనీ. "ఆ ఫోన్ కూడా తాయెత్తే. సంచి అడుగున పెట్టు" అంది. ఇక మావాడి అవస్థ చూడాలి. వరండాలో అటూ ఇటూ తిరిగి తిరిగి, "బండి ఎక్కడైనా ఆగిపోయిందేమో పిన్నీ" అన్నాడు.

"ఆగుతుంది. మళ్ళీ కదులుతుంది. రైలంటే అదేగా. కూర్చో. ఇవాళ నీక్కూడా క్లాసే."

సాయంత్రం మనవరాలు రేపల్లె బజార్లో కొన్న నిజాంపట్నం ఎండురొయ్యలతో తిరిగొచ్చింది. దానికంటే ముందు రొయ్యల వాసన వీధి మలుపు తిరిగింది. ఏ జయజయధ్వానాలకూ తీసిపోని వాసన అది.

తర్వాత బాపట్ల. వారమంతా వెళ్ళింది, ఏ రోజూ శుభశకునం లేకుండా. కానీ ఆవిడ చదువుకు అసలు పరీక్ష ఒక వానరోజు ఎదురైంది. పొద్దున యథాప్రకారం బిందెతో ఎదురొచ్చింది. పిల్ల బాపట్ల ప్లాట్‌ఫాం మీద జారి పడింది. ఫోన్ నాకొచ్చింది.

"మామ్మా, పడ్డాను. కాలు మెలిక పడింది. సోడా కొట్టాయన ఐసు ఇచ్చాడు, పెట్టుకున్నా. ల్యాబ్ ఉంది, వెళ్తున్నా. సాయంత్రం బండికి వస్తా."

మా అబ్బాయి పిట్టగోడ దగ్గరికి పరుగెత్తాడు. "చూశారా పిన్నీ! ఆ బిందె వద్దు మొర్రో అంటే విన్నారా?"

ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూ తలెత్తింది. "వానకు ఆ ప్లాట్‌ఫాం మీద జారినవాళ్ళందరికీ నేనే ఎదురొచ్చానట్రా?" అని, ఈనె పక్కన పడేసి, మెల్లగా అంది. "ఏమీ జరగదని నేనెప్పుడూ చెప్పలేదు. జరిగితే చూసుకోగలదని చెప్పాను. నువ్వు సరిగ్గా విన్నావో లేదో. అది 'వచ్చెయ్యనా' అని అడగలేదు. 'వెళ్తున్నా' అంది."

మావాడు గోడ మీది చిక్కుడుకాయ ఒకటి అందుకుని ఈనె తియ్యడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఆవిడ తెనాలి స్టేషన్‌కు వెళ్ళి, కుంటుకుంటూ దిగిన పిల్ల మెడలో ఇంత లావు బంతిపూల దండ వేసింది. ప్లాట్‌ఫాం మీద జనం ఆగి చూశారు. ఎన్నికల్లో గెలిచిందా అని ఎవరో అడిగారు. "అవునండీ, మంచి మెజారిటీ" అంది ఆవిడ. ఆ దండతోనే ఆటోలో వీధంతా తిప్పి ఇంటికి తీసుకొచ్చింది. మన వీధిలో దేవుడికి కూడా అలా ఊరేగింపు జరగలేదు.

హాజరు సరిపోయింది. పిల్ల పరీక్షలు రాసి ఫస్ట్ క్లాసులో వచ్చింది. అప్పుడు మన వీధి ఏం నేర్చుకుంది? ఇది రాస్తుంటే ఇప్పటికీ నవ్వాగడం లేదు. మర్నాడు ఒక ఇల్లాలు వచ్చి, చేతులు నలుపుకుంటూ, "మేడం గారూ, సోమవారం మావాడికి ఇంటర్వ్యూ. కాస్త ఆ ఖాళీ బిందెతో ఎదురొస్తారాండీ? అదే బిందె అండి, స్టీలుది" అంది.

మా తోటికోడలు నవ్వి నవ్వి మెట్ల మీద చతికిలబడింది. "అక్కయ్యా, ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను. వీధి మాత్రం సిలబస్ మార్చుకుని అదే పరీక్ష రాస్తోంది." ఆ ఏటినుంచి పరీక్షల రోజులొస్తే చాలు, ఇంటికి తాళమేసి రేపల్లెలో వాళ్ళక్కగారింటికి వెళ్ళిపోయేది. రాబోయే పిల్లలకు ఆవిడ చేసిన మేలు అదీ, ఎదురు రాకపోవడం. మీరంతా తాళం చూసి గొణుక్కుని, వేరే దారిలేక పిల్లల్ని పంపించారు. వాళ్ళూ పాసయ్యారు. కొందరు తప్పారు, మళ్ళీ రాసి పాసయ్యారు. ఈ రెండేళ్ళుగా మన పిల్లలు ఎవరూ ఎదురు రాకుండానే గెలుస్తున్నారు కార్యదర్శి గారూ. ఈ సంగతి సభలో ఒక్కరూ చెప్పలేదు.

ఆవిడ పోయిన మంగళవారం మా మనవరాలికి బాపట్లలో డిగ్రీ ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష. హాల్లో చాప మీద ఆవిణ్ణి పడుకోబెట్టాం. పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. తర్వాత లేచి మొహం కడుక్కుని, తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుంది. బంధువుల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఇదేం చోద్యం? చావింట్లోంచి పరీక్షకా? ఇంకా తీసుకెళ్ళనైనా లేదు."

"సాయంత్రం కదా మామ్మా తీసుకెళ్ళేది? మధ్యాహ్నం బండికి వచ్చేస్తా" అంది నాతో.

గేటు దగ్గర మా అబ్బాయి నిలబడి ఉన్నాడు. చావింట్లోంచి బయలుదేరడాన్ని మించిన అపశకునం వాడి పుస్తకంలో లేదు. వీధంతా వాడి వైపే చూస్తోంది. పిల్ల కూడా తలెత్తి వాడి మొహమే చూసింది. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంతలో పందిట్లో ఎవరో గట్టిగా తుమ్మారు, డ్యూటీ తుమ్ము కాదు, అసలుదే. వాడు గడియ తీసి గేటు బార్లా తెరిచాడు.

"వెళ్ళు తల్లీ. బండికి టైమవుతోంది."

పిల్ల వెళ్ళింది. పరీక్ష బాగా చేసింది. మేం పాడె కడుతుండగా తిరిగొచ్చి, చిన్నమామ్మ చెవి దగ్గర వంగి, "అయిపోయింది చిన్నమామ్మా, బాగా చేశాను" అని చెప్పింది. ఆవిడ మొహం అంత ప్రశాంతంగా ఉండటానికి వైద్యశాస్త్రంలో కారణాలు ఉంటాయి. నేను మాత్రం వేరే కారణం ఎంచుకున్నాను.

ఇక ఒక చిన్న పని. వచ్చే ఆదివారం ఆవిడ మాసికం, మీరందరూ భోజనానికి రావాలి. అరటాకులు భట్టిప్రోలులో ఒక తోటలో చెప్పి ఉంచాం. మీలో ఎవరింట్లోనైనా, గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చే పిల్ల ఉంటే, శనివారం పొద్దున రేపల్లె బండికి ఆ పిల్లను పంపండి. ఒక్కదాన్నే పంపండి. బయలుదేరేటప్పుడు ఎవరూ ఎదురు రావద్దు, వచ్చినా పరవాలేదు. చేరాక ఫోన్ చెయ్యమనకండి. తోటాయన భట్టిప్రోలు స్టేషన్ బయటే ఆకుల కట్టతో ఉంటాడు. లేత ఆకులు వద్దనాలి. కట్ట మీద నీళ్ళు చల్లి, తడిగుడ్డ చుట్టి, రైల్లో నిలువుగా పట్టుకుని తేవాలి. చీలకుండా తెస్తే సంతోషం. చీలితే చీలిన ఆకుల్లోనే తింటాం.